మన వాడల చరిత్రను మనమే కాపాడుకొందాం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మరాఠీ నడిగడ్డపై ఒక తెలుగు పాఠశాల 75 సంవత్సరాలు నిలిచి ఉండడం సామాన్యమైన విషయం కాదు. ఈ శుభ సందర్భంలో మన నేతవాడల చరిత్ర పరిరక్షణను గురించి నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు నన్ను ఆదేశించినారు. నేను చరిత్రకారుడను కాను. మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాడను. ఆ అధికారంతోనే మాట్లాడుతున్నాను.

మన నగరం తన చరిత్రను పూర్తిగా మరచిపోయిందని అనలేము. భుయికోట కోట ఉన్నది. 1931 జనవరి 12న ఎరవాడ కారాగారంలో ఉరికంబమెక్కిన మల్లప్ప ధనశెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్‌ల విగ్రహాలు నగరం నడిబొడ్డున నిలిచి ఉన్నాయి. 1938లో చైనాకు వైద్యసేవకై వెళ్ళి, 1942లో అక్కడనే అసువులు బాసిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఇక్కడనే జన్మించినారు. వారి ఇంటిని నగరపాలక సంస్థ స్మారకంగా తీర్చిదిద్దగా, అది 2012లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఒక సామాన్య గృహం కూడా చరిత్ర కాగలదని ఆ ఇల్లు మనకు చెబుతున్నది.

మరి సాఖర్ పేట, భద్రావతి పేట, జోడ్‌భావి పేట, అశోక్ చౌక్, దత్త నగర్ - ఈ వాడల మాటేమిటి? పంతొమ్మిదవ శతాబ్దంలో నిజాము రాజ్యపు తెలుగు గ్రామాల నుండి మన పూర్వులు బ్రతుకుతెరువు వెతుక్కుంటూ ఇటు వచ్చినారు. 1860లో రైలు షోలాపూర్ చేరింది. 1870లలో మొదటి నూలు మిల్లు లేచింది. తరువాత నరసింగ్ గిర్జీ, లక్ష్మి, విష్ణు మిల్లులు వచ్చినాయి. మన భాషలోకి 'గిర్నీ' అన్న మరాఠీ మాట అప్పుడే చొరబడి ఉంటుంది. కొందరు గిర్నీలో కూలికి కుదిరినారు. అనేకులు ముందు గదిలో మగ్గం వేసుకొని, వెనుక గదిలో పొయ్యి రాజేసుకొని, ఇంటినే కార్ఖానాగా మార్చుకొన్నారు. మగవారు నేసినారు. ఆడవారు కండెలు చుట్టి, బీడీలు చుట్టి, సంసారాన్ని నిలబెట్టినారు. ఈ ఇండ్ల నుండి వెళ్ళిన దుప్పటి దేశమంతటా షోలాపూర్ పేరు మోసింది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం క్రింద ఆ పేరుకు రక్షణ కూడా లభించింది.

దుప్పటి పేరుకు చట్టం రక్షణ ఇచ్చింది. దానిని నేసిన వారి జ్ఞాపకాలకు రక్షణ ఇచ్చే చట్టమేదీ లేదు. ఆ పని మనమే చేయాలి.

ఇక్కడ నా ఇంటి తప్పును ఒకటి ఒప్పుకొంటాను. మా పాత ఇల్లు ఖాళీ చేసిన రోజున అటకమీద ఒక ఇనుప పెట్టె నిండా మా తాతగారి లెక్క పుస్తకాలు దొరికినాయి. దుమ్ము, చెదలు. ఎవరికి కావాలి ఇవి అనుకొని, పాత కాగితాలు కొనేవానికి తూకానికి ఇచ్చివేసినాము. అందుకు అడ్డు చెప్పనివారిలో నేనూ ఒకడను. ఒక్క పుస్తకం మాత్రం మిగిలింది. అల్మారా కోడు సరిగా ఆనడం లేదని దాని క్రింద ఎత్తుగా పెట్టి ఉండడం వలన అది బ్రతికింది!

సంవత్సరాల తరువాత దానిని విప్పి చూసినాను. వారం వారం నూలు షావుకారుకు ఉన్న బాకీ, కండెలు చుట్టిన ఆడవారికి ఇచ్చిన కూలి, ఇంటి అద్దె, మార్కండేయ మహాముని రథోత్సవానికి చందా, పిల్లవాని మందు ఖర్చు - అన్నీ తెలుగు అక్షరాలలో, తెలుగు అంకెలలో ఉన్నాయి. ఒకచోట నాలుగు వారాలు వరుసగా కూలి పద్దు లేదు, బాకీ పద్దు మాత్రమే ఉన్నది. మా తాతగారు నోటితో ఎన్నడూ చెప్పని కష్టం ఆ నాలుగు ఖాళీలలో నాకు కనిపించింది. అప్పుడు మా అబ్బాయి నా భుజం మీదుగా తొంగిచూసి, "నాన్నా, ఇది ఏ లిపి?" అని అడిగినాడు. వాడు ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుతాడు, చదవలేడు. ఆ తప్పు వానిది కాదు.

ఆనాడు నాకు ఒక విషయం బోధపడింది. పుస్తకం మిగిలినంత మాత్రాన చరిత్ర మిగిలినట్లు కాదు. దానిని చదవగలవారు కూడా మిగలాలి. వస్తువును దాచి, దాని మాటను పోగొట్టుకొంటే మనం దాచినది సగమే.

మన పూర్వులు వచ్చిన తెలంగాణంలో దీనికి చక్కని నిదర్శనం ఉన్నది. చేర్యాల చిత్రకారులు గుడ్డపై పొడవైన పటాలు వ్రాస్తారు. కూనపులివారు అటువంటి పటం విప్పి, మార్కండేయుని కథను, భావనారుషి కథను పద్మశాలీలకు గానం చేసి చెప్పే ఆచారం ఉన్నది. నేడు చేర్యాల చిత్రానికి భౌగోళిక గుర్తింపు ఉన్నది, గోడకు అలంకారంగా గిరాకీ ఉన్నది. కాని కథ చెప్పే గొంతు లేనప్పుడు పటం కేవలం బొమ్మ. పటాన్ని కాపాడినవారు గొంతునూ కాపాడుకొంటేనే అది మన పురాణం అవుతుంది.

ఇతర దేశాలవారు ఈ పనిని ఎట్లా చేసినారో చూద్దాం. స్కాట్లాండులోని కిల్‌బార్కన్ గ్రామంలో 1723లో కట్టిన ఒక నేతగాని ఇంటిని మగ్గంతో సహా నిలబెట్టుకొన్నారు. అమెరికాలోని లోవెల్ పట్టణపు నూలు మిల్లులను 1978లో జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించినారు. అక్కడి ప్రదర్శనశాలలో మరమగ్గాలు నేటికీ చప్పుడు చేస్తూ తిరుగుతాయి. మన పొరుగున బొంబాయి గిర్నీ కార్మికుల మాటలను నీరా అడార్కర్, మీనా మేనన్ గార్లు వారి నోటనే విని, 2004లో ఒక పెద్ద గ్రంథంగా వెలువరించినారు. డగ్లస్ హేన్స్ అనే అమెరికా చరిత్రకారుడు పశ్చిమ భారతపు చిన్న పట్టణాల నేత పనివారిని గురించి 2012లో ప్రచురించిన గ్రంథంలో షోలాపూర్ పద్మశాలీల ప్రస్తావన ఉన్నది. దూరదేశపు పండితుడు మన చరిత్రకు విలువ కట్టినాడు. మనం దానిని తూకానికి అమ్మినాము.

ఇప్పుడే ఈ తొందర ఎందుకని మీరు అడగవచ్చు. మిల్లులు మూతబడినాయి. మరమగ్గాలు ఇండ్లలోనుండి అక్కలకోట రోడ్డు పారిశ్రామిక వాడకు తరలినాయి. పాత ఇండ్ల స్థానంలో అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. నగరం వెలుపల కుంభారి వద్ద శ్రామికులకై 30,000 ఇండ్ల కాలనీ తలపెట్టగా, వానిలో 15,000 ఇండ్లను 2024 జనవరి 19న లబ్ధిదారులకు అప్పగించినారు. బీడీ కార్మికులకు, నేత కార్మికులకు సొంత ఇల్లు దక్కడం ఎంతో సంతోషించవలసిన విషయం. కాని ఇల్లు మారే రోజే పాత పెట్టెలు బయటపడే రోజు. చరిత్రకు అది పండుగ కావచ్చు, దహనక్రియ కావచ్చు. ఆ ఒక్కరోజున ఏది జరుగుతుందో మన చేతిలో ఉన్నది.

అందుచేత మన వాడలకు ఒక చరిత్ర పరిరక్షణ సంఘం కావాలని ప్రతిపాదిస్తున్నాను. భవనం వద్దు, పెద్ద నిధి వద్దు. మొదట ఈ నాలుగు పనులు చాలు.

మొదటిది కాగితాలు. లెక్క పుస్తకాలు, కులసంఘ తీర్మానాలు, పెండ్లి పత్రికలు, గిర్నీ హాజరు చీటీలు, పాత ఛాయాచిత్రాలు ఎవరి ఇంట ఉన్నవి వారి ఇంటనే ఉండనీయండి. ప్రతి పుటకు ఫోటో తీసి, ఏ ఇంటిది, ఏ కాలానిది అని వ్రాసి ఉంచుదాం. ఇంటివారి అనుమతి లేనిదే ఎవరి అప్పూ నలుగురిలో పెట్టరాదు.

రెండవది పనిముట్లు. నాడె, కండె, అచ్చు, రాట్నం - వీనిని సేకరించినప్పుడు ప్రక్కన పేరు మాత్రమే వ్రాస్తే చాలదు. దానిని వాడినవారు ఏమని పిలిచేవారో, ఎట్లా పట్టుకొనేవారో, ఏది విరిగితే ఎవరు బాగుచేసేవారో కూడా వ్రాయాలి.

మూడవది కంఠాలు. ఎనుబదేండ్లు దాటిన పెద్దల మాటలను ధ్వనిముద్రణ చేయాలి. ముఖ్యంగా అవ్వలను అడగండి. నేసినవాని పేరు బిల్లులో ఉంటుంది, కండె చుట్టిన ఆమె పేరు ఎక్కడా ఉండదు.

నాలుగవది ఇండ్లు. ఇల్లు కూలగొట్టవద్దని యజమానిని నిర్బంధించే హక్కు మనకు లేదు. ఆయన అవసరం ఆయనది. కూల్చేముందు ఒక్క పూట మనకు ఇమ్మని అడుగుదాం. మగ్గపు గుంత ఎక్కడ ఉన్నది, వెలుతురు ఎటునుండి వచ్చేది, పడుగు ఎక్కడ సాగదీసేవారు - కొలతలు తీసి పటం గీసుకొందాం.

ఒక హెచ్చరిక కూడా చేస్తాను. చరిత్ర అంటే రథోత్సవాల ఫోటోలు, సన్మాన పత్రాలు మాత్రమే కాదు. అప్పులు, సమ్మెలు, ఆకలి, మన తగాదాలు కూడా చరిత్రే. అట్లాగే ఈ నగరపు నేత మన ఒక్కరిదే కాదు. కోష్ఠీలు, మోమిన్లు కూడా ఇక్కడ నేసినారు. మరాఠీ, కన్నడ, ఉర్దూ మాటలు మన మగ్గం గదిలోనే తిరిగినాయి. వారిని విడిచి వ్రాసిన చరిత్ర పేక లేని పడుగు వంటిది.

చివరగా మన పాఠశాల. ఇక్కడ తెలుగు నేర్చుకొన్న పిల్లలు లేకపోతే నేను చెప్పిన కాగితాలన్నీ రేపు బొమ్మలే. కనుక ఉపాధ్యాయులకు నా విన్నపం: తెలుగు అంకెలను, అణా పైసల లెక్కను, చేతివ్రాతను చదవడం పిల్లలకు నేర్పండి. వారానికి ఒక్క గంట వారి చేత అవ్వతాతల మాటలు వ్రాయించండి. తల్లిదండ్రులకు నా విన్నపం: పిల్లలను ఏ మాధ్యమంలో చదివించినా సరే, తెలుగు చదవడం, వ్రాయడం మాత్రం మాన్పించకండి. పూర్వ విద్యార్థులకు నా విన్నపం: ఈ రాత్రి ఇంటికి వెళ్ళి అటక ఒకసారి చూడండి.

మా ఇంట మిగిలిన ఆ ఒక్క పుస్తకపు ప్రతిని ఈ పాఠశాల గ్రంథాలయానికి సమర్పిస్తున్నాను. ఇప్పుడు మా అబ్బాయి కూడా సెలవులలో నా దగ్గర కూర్చుని దానిని కూడబలుక్కొని చదువుతున్నాడు. నిన్నటికి మూడవ పుట అయింది.