పొగబండి, కాలయంత్రము, రాకుమారి

ఈ సాయంకాలము మేము ముచ్చటింపబోవు విషయము పేరు వినగానే శ్రోతలలో కొందరికి నవ్వు రావచ్చును. ప్రేమకథ ఒకటి, దానిలో రాకుమారి, మంత్రగత్తె, శాపము మొదలగు పేదరాశి పెద్దమ్మ సామగ్రి యంతయు, దానికి తోడు గడచిన శతాబ్దములకును, రానున్న శతాబ్దములకును ప్రయాణము, ఆ ప్రయాణమునకు ఇత్తడి చక్రములు, ఆవిరి గొట్టములు గల యంత్రము. ఇవన్నియు ఒక్క కుండలో వేసి వండిన నవలలు ఇప్పుడు లోకమందు విరివిగా వెలువడుచున్నవి. మార్కాపురమున మాకు పరిచయముగల ఒక ఇంటిలో, కళాశాలలో చదువుకొను బాలిక అట్టి నవల నొకదానిని దిండు క్రింద దాచుకొని చదువుచుండగా ఆమె తాతగారు చూచి, "ఏమిటమ్మా యిది, తలా తోకా లేని కథ?" అని మందలించిరి. ఆమె బదులు చెప్పలేక మా వంక చూచినది. ఆ పూట మేమును సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ ప్రసంగము ఆ బాకీ తీర్చుటకే.

ముందుగా ఆ వంటకములోని దినుసులను చూతము. కాలయానమునకు యంత్రమును కల్పించి పేరు గాంచినవాడు ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్. ఆయన 'ది టైమ్ మెషీన్' 1895లో వెలువడినది. అందలి కథానాయకుడు ఎనిమిది లక్షల యేండ్ల ఆవలికి పోయి, అచట వీనా యను చిన్నదానిని నీటినుండి కాపాడి, పిదప ఆమెను పోగొట్టుకొని ఒంటరిగా తిరిగి వచ్చును. మిత్రులు నమ్మరు. అతడు చూపగలిగిన సాక్ష్యమెల్ల జేబులోని రెండు వాడిన తెల్లపూవులు. ఆమె పెట్టినవి. ఆ గ్రంథము చదివి ముప్పది యేండ్లు గడచినను, యంత్రమునకు మీట లెన్నియో మాకు జ్ఞాపకము లేదు గాని ఆ పూవులు జ్ఞాపకమున్నవి.

ఆవిరి యుగపు యంత్రములను కల్పనాకథలలో వాడు పద్ధతికి 'స్టీమ్‌పంక్' అను పేరును 1987లో కె. డబ్ల్యు. జీటర్ అను అమెరికా రచయిత ఒక పత్రికకు వ్రాసిన లేఖలో హాస్యముగా పెట్టెను. హాస్యమునకు పెట్టిన పేర్లే నిలుచుట లోకములో క్రొత్త గాదు. 1990లో విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగు లిద్దరును కలిసి, చార్లెస్ బాబేజి తలపెట్టి ముగింపలేకపోయిన గణనయంత్రము ముగిసియున్నచో ఇంగ్లండు ఎట్లుండెడిదో నవలగా వ్రాసిరి. 1991 నాటి 'ఔట్‌లాండర్'లో డయానా గాబల్డన్, యుద్ధమున నర్సుగా పనిచేసిన ఒక వివాహితను స్కాట్లండులోని నిలువురాళ్ల నడుమ నుండి 1743లోనికి త్రోసివైచెను. 2012లో మరిస్సా మేయర్ మన పిల్లలందరు ఎరిగిన సిండ్రెల్లాను, సగము లోహపు దేహము గల మరమ్మతు పనిగత్తెగా మార్చెను. ఆ బాలిక దిండు క్రిందనున్నది ఈ కోవలోని గ్రంథమే.

తాతగారు తలా తోకా లేదనిరి గదా! వారు ఎంతయు గౌరవించు ప్రబంధములలోనే తోకను తల స్థానమునను, తలను తోక స్థానమునను పెట్టిన కథ యొకటి కలదు. అదియు ఎచ్చటిదో కాదు. గిద్దలూరునుండి నల్లమల దాటినచో నంద్యాల. 16వ శతాబ్దియందు ఆ నంద్యాల నేలిన కృష్ణరాజునకు పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను అంకిత మిచ్చెను. ఆ కవిచేతనే 'రాఘవపాండవీయము'ను చెప్పించినవాడు ఆకువీటి ప్రభువు పెదవేంకటాద్రి. రాచర్ల చెంత ఆకవీడను గ్రామము నేటికిని ఉన్నది. ఆ పేరు చెవిని బడినప్పుడెల్ల మా మనస్సు ఆ కవి వైపునకే పోవుచుండును.

కళాపూర్ణోదయపు కథ ద్వారకలో ఒక ఉద్యానవనమున మొదలగును. ఉయ్యాల లూగుచున్న కలభాషిణి యను వేశ్యాంగన, ఆకాశమున విమానముపై పోవు రంభానలకూబరులను చూచి నలకూబరునిపై మనసు పడును. అటుపై కథ ఎన్ని మలుపులు తిరుగునో చెప్ప మొదలిడినచో మాకిచ్చిన సమయము చాలదు. సింహము నెక్కి ఆకాశమున తిరుగు సిద్ధు డొకడు వచ్చును. ఒకరి రూపము నొకరు దాల్చుటచే రంభ లిద్దరు ఎదురెదురుగ నిలిచి, నేను రంభ ననిన నేను రంభ నని వాదులాడుదురు. ఒక జంటలో భార్య పురుషుడై, భర్త స్త్రీయై, వారికి కళాపూర్ణుడు పుట్టును. అన్నిటికంటె వింత యేమనగా, ఇది యంతయు జరుగక మునుపే బ్రహ్మ సరస్వతికి కథగా చెప్పియున్నాడు. జరిగినది గనుక చెప్పుట లోకసహజము. ఇచట చెప్పినది గనుక జరుగుచున్నది! కడపట మధురలాలస యను పసికందు మణిప్రభావమున పూర్వజన్మము స్మరించి, పెద్దలు నివ్వెరపోవుచుండగా గడచిన దెల్ల విప్పి చెప్పును; పెరిగి ఆ కళాపూర్ణునే వరించును. ఆమె యెవరో కాదు, ఉయ్యాల లూగిన కలభాషిణియే. ఒక జన్మమున దొరకని ప్రేమను మరియొక జన్మమున అందుకొనుటకు ఆమె చేసిన ప్రయాణము కాలయానము గాక మరేమి? కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వ్రాసి ఈ కావ్యపు కల్పనాశక్తిని వేనోళ్ల పొగడిరి. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు దీనిని ఆంగ్లీకరించి, ఇది నవల యనదగిన గ్రంథమని వాదించిరి. కావున మనుమరాలి పుస్తకము ముత్తాతల యింటి వస్తువే. అట్ట మాత్రము మారినది.

తరువాతి కాలపు సంగతి త్వరగా చెప్పి ముందుకు సాగెదము. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు', చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన 'తోకచుక్క', 'రాకాసిలోయ' వంటి ధారావాహికలు ఎరుగనివారు అరుదు. 1957లో కె. వి. రెడ్డిగారి 'మాయాబజార్'లో ప్రియదర్శిని యను పేటిక యున్నది. మూత తీసినచో ప్రియమైనవారు కనబడుదురు. ఆ చిత్రమున సహాయకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారే 1991లో 'ఆదిత్య 369' తీసి, ఒక యువజంటను యంత్రములో నెక్కించి 1526 నాటి కృష్ణదేవరాయల కొలువునకును, అటనుండి 2504వ సంవత్సరమునకును పంపిరి. గురువుగారి పేటికకు శిష్యుడు చక్రములు తగిలించె నని మాకు తోచును.

ఇక మిగిలినది ఆవిరి. పడమటి ప్రకాశమువారికి దానిని గురించి లండను రచయితలు చెప్పవలసిన పని లేదు. మార్కాపురం రోడ్డు, కంభము, గిద్దలూరు, దిగువమెట్ట. అచటినుండి నల్లమలలోనికి ఎగబ్రాకి, బొగద సొరంగము దూరి, చలమ, గాజులపల్లి మీదుగా నంద్యాల చేరు ఇనుపదారి 19వ శతాబ్ది చివర వేసినది. మీటరుగేజి దినములలో బొగ్గు ఇంజనుపై ఆ దారిని పోయిన జ్ఞాపకము మాకు కలదు. బొగద దాపునకు వచ్చుచున్నదనగా కిటికీలు దింపుకొను డని పెద్దలు కేకలు వేసెడివారు. పట్టపగలు చీకటి, పొగ, చక్రముల మ్రోత తప్ప మరేమియు వినరాదు. ఎవరి చేయి ఎవరు పట్టుకొనిరో తెలియదు. వెలుతురు రాగానే తెల్లచొక్కాలన్నియు మసి. సొరంగపు టావలి మొగమున వెలుగు చుక్కవలె కనబడి పెరుగుచుండగా, ఈ బండి మనలను ఏ రాయలకాలమునకో దింపునని నమ్ముట ఆ వయస్సున కష్టము కాదు. 1990 దశకమున బ్రాడ్‌గేజి వచ్చినది. కనుమలోని పాత దొరబావి వంతెన విడువబడి అడవి పాలైనది. స్టీమ్‌పంకు రచయితకు దీనికి మించిన రంగస్థలము ఎచ్చట దొరకును?

అయితే ఇచటనే మాకొక అభ్యంతరము. ఆ దారి ఎందులకు వేసిరి? 1876-78 నాటి మహాక్షామమున కర్నూలు, బళ్లారి, కడప సీమలు మలమల మాడినవి. ధాన్యము తెచ్చుటకు దారి లేక జనులు చచ్చిరి గనుక, మరల కరవు వచ్చినచో గింజలు చేరుటకై బళ్లారి-కృష్ణా రైలుమార్గమును తలపెట్టిరి. మన కొండలలోనికి ఆవిరి వచ్చినది విలాసమై కాదు, ఆకలి వెంట వచ్చినది. కొండను తొలిచినవారు, రాళ్లు మోసినవారు, అడవిజ్వరమున పడినవారు పేరులేని కూలీలు. మేము చదివిన ఈ కోవ నవలలలో పెక్కింటియందు ఇంజను కలదు, బొగ్గు లేదు. బొగ్గున్నచో దానిని త్రవ్వినవాడు లేడు. కథానాయిక నెత్తిన ఇత్తడి కళ్లద్దములు, నడుమున చక్రముల వడ్డాణము. అది తిరునాళ్ల వేషమే గాని కాలయానము కాదు. పాతకాలమునకు పోయినవాడు అచటి సొగసు చూచి, అచటి కష్టము చూడక తిరిగి వచ్చినచో అతడు పోయినట్లా? గాబల్డన్ కథానాయిక ఈ విషయమున మేలు. ఆమె గాయములు కడుగును, మరణములు చూచును. అందుచేతనే ఆమె ప్రేమను మనము నమ్ముదుము.

మాకు తోచిన కథ యొకటి చెప్పెదము; ఓపిక గలవారు వ్రాసికొనవచ్చును. గిద్దలూరు బండిలో ఒక బాలిక సొరంగము దూరినది. దూరిన కాలమువేరు, వెడలిన కాలమువేరు. ఆమె కంభపు కొండల నడుమ, గుండ్లకమ్మ యొడ్డున నిలిచియున్నది. ఉదయగిరి 1514లోను, కొండవీడు 1515లోను రాయలచేత చిక్కినవి. పిదప గజపతి ప్రతాపరుద్రుడు సంధిచేసికొని కుమార్తెను రాయలకిచ్చెను. ఆ పెండ్లి పొసగక ఆ రాకుమారి కంభమున ఒంటిగ దినములు గడపెనని ఐతిహ్యము. తుక్కాదేవి యందురు, వరదరాజమ్మ యందురు. తనను కాదన్న భర్తను తలచి అయిదు సంస్కృత శ్లోకములు చెప్పెననియు, రెండు కొండల నడుమ గట్టు వేయించి కంభము చెరువు కట్టించెననియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. శ్లోకముల మాట పండితులకు వదలుదము. చెరువు మాత్రము కన్నుల యెదుట నున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దానిని వారసత్వపు కట్టడముగ గుర్తించినది.

ఇప్పుడు మన బాలిక యేమి చేయవలెను? ఆమెకు చరిత్ర తెలియును. రాకుమారిని వెంటబెట్టుకొని హంపికి పోయి, రాయల కన్నులు తెరిపించి, ఆ దంపతులను కలుపవచ్చును. ప్రేమకథ కోరునది అదే. కాని రాణి అంతఃపురమున సుఖముగ నున్నచో కంభమున గట్టెవరు వేయింతురు? ఆ గట్టు లేనిచో ఇన్ని వందల యేండ్లు ఆ నీటితో పండిన మడులేవి, తిన్న నోళ్లేవి? ఒక స్త్రీ కన్నీరు తుడుచుటయా, ఒక సీమకు నీరు నిలుపుటయా? చక్రములు, శాపములు, మణులు ఎన్ని తెచ్చినను ఈ చిక్కు విప్పలేకున్నాము.

పోయినమారు మార్కాపురము వెళ్లినప్పుడు ఈ కథ ఆ యింటిలో చెప్పితిమి. తాతగారు కొంత తడవు ఊరకుండి, "గట్టు వేయించిన తరువాతనే తీసికొని పొమ్మనుడు. అప్పటికి ఆలస్యమేమియు కాదు" అనిరి. వ్యవసాయదారుని మాట.

మనుమరాలు పుస్తకము మూసి, "ఆమెను అడిగినారా, తాతయ్యా?" అన్నది.