పంపులు నడచునపుడు భూగర్భ జలము బావులకు వచ్చు విధము
(రయితుల సభలో చదువఁబడిన ఉపన్యాసము)



రెండు చేలు, వాని నడుమ నొక గట్టు, గట్టున కిరువైపుల రెండు బావులు. ఒకదానియందు పంపు నడచిన కొన్నాళ్లకు రెండవదానిలో నీరు తగ్గును. రెండవ రయితు అప్పుచేసి తన బావిని లోతు చేయించును. అంతట మొదటివాని బావి యెండును. అతఁడును అప్పుచేయును. తుదకు బావులు రెండును లోతైనవి గాని నీరు హెచ్చలేదు; అప్పులు మాత్రము హెచ్చినవి. ఇందుకు పొరుగువాని దిష్టి కారణము గాదు. భూమిలో నీరు నడచు విధమే కారణము.

తెలంగాణమున హెచ్చుభాగము గ్రానైటు జాతి బండ. పైన మట్టియు మొరమును, దాని క్రింద పగుళ్లుగల బండయు, ఆ క్రింద గట్టి బండయు నుండును. వాననీరు మొరపు సందులలోను పగుళ్లలోను నిలుచును. లోతునకు పోయినకొలఁది పగుళ్లు సాధారణముగా తగ్గును. కావున లోతు చేసినంతమాత్రమున నీరు దొరకునని నమ్మరాదు.

ఇట్టి మొరమునుండి బావికి దిగివచ్చు నీరు మిక్కిలి స్వల్పము. నూఱు పాళ్ల మొరమునకు రెండు పాళ్ల నీరు వచ్చునని యెంచుదము. అపుడు ఒక యెకరమునకు 1 అంగుళము తడి పెట్టుటకు తోడిన నీటిచే, ఆ యెకరము క్రింది నీటిమట్టము 50 అంగుళములు, అనఁగా 4 అడుగులకు పైగా, దిగును. తడిలో కొంత మరల భూమిలో నింకినను, తక్కినది పైరు పీల్చును, ఎండకు ఆవిరియగును.

వడ్లగాదె యడుగున ద్వారము తీసినచో పైన గరాటువలె గుంట పడును. పంపు నడచునపుడు బావిచుట్టు నీటిమట్టమును అట్లే గరాటుగా క్రుంగును. వాలు హెచ్చినకొలఁది ఇసుకలో నీటి వేగము హెచ్చునని ఫ్రాన్సు దేశపు ఇంజనీరగు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించెను. పంపు నిలుపక నడపినకొలఁది ఈ గరాటు విశాలమగుచుండునని, అమెరికా దేశీయుఁడగు థైస్ 1935లో గణితముతో నిరూపించెను. గరాటు గట్టును లెక్కచేయదు. రెండు గరాటులు కలిసినచోట రెండింటి తరుగును కూడును.

బావిని వెడల్పు చేసినచో ఊట రెట్టింపగునని తలంచుటయు పొరపాటు. అడ్డుకొలత రెట్టింపు చేసినను ఊట సుమారు పదవవంతు మాత్రమే హెచ్చును. రాత్రి యూరిన నీరు నిలువ యుండుటకు వెడల్పు బావి పనికివచ్చును, అంతియే.

కావున రయితులు చేయఁదగినవి యివి:

1. పంపు నడపక మునుపును, నిలిపిన పిమ్మటను, ముడులు వేసిన త్రాటితో నీటిమట్టము కొలిచి పుస్తకమున వ్రాసికొనవలయును. మట్టము మరల నెన్ని గంటలకు మునుపటి చోటికి వచ్చునో చూడవలయును.

2. ఇరుగుపొరుగువారు ఒకేమాఱు గాక వంతులవారీగా పంపులు నడపుట మేలు. వంతులచే తరుగు ఒక్కచోట కూడదు. మొత్తపు నీరు మాత్రము పెరుగదు.

3. వానలు వెడలిన పిమ్మట గ్రామమున కొన్ని బావులను కొలిచి, నీరు తక్కువైనచో యాసంగిలో వరికి మాఱుగా ఆరుతడి పైరులు వేయవలయును.

4. కుంటలలో పూడిక తీయించి, వాననీటిని పొలముననే యింకఁజేయవలయును.

5. నూతన బావి త్రవ్వుటకు ముందు 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అధికారుల యనుమతి పొందవలయును.

బావి పట్టాదారునిది కావచ్చును; దానిలోని యూట మాత్రము పొరుగు చేని క్రిందినుండియు వచ్చుచున్నది. ఈ సంగతి గ్రహించి పొరుగువానితో నొకమాఱు కూర్చుండి మాటలాడిన రయితునకు, లోతు త్రవ్వించు ఖర్చులో కొంతయైన మిగులును.