కొలతకు అందని బాకీ: పత్తి, మిరప నేలల్లో పేదరికం

ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం పేదరికాన్ని కొలిచే పద్ధతి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును జనం డొక్కల కరువు అన్నారు. ఆనాటి పేదరికాన్ని పట్టుకోవడానికి ఏ గణాంక శాఖా అక్కర్లేదు, ఎండిన డొక్కలే సాక్ష్యం. ఈనాడు గుంటూరు, ప్రకాశం మైదానంలో పేదరికం ఒంటి మీద అంతగా కనిపించదు. అది ప్రోనోట్ల మీద, పురుగుమందుల షాపు ఖాతా పుస్తకంలో ఉంటుంది. మనిషి ఎంత ఖర్చు పెట్టాడని అడిగే మన కొలత, ఆ ఖర్చు ఎవరి డబ్బుతో పెట్టాడని అడగదు. అందువల్ల వాణిజ్య పంటల నేలలో అది తప్పు చెబుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. 2022లో విడిపోయిన పల్నాడు, బాపట్ల జిల్లాలను కూడా కలుపుకొనే మాట్లాడుతున్నాను.

దేశానికో కొలకర్ర ఉంది. అమెరికాలో 1960ల తొలినాళ్లలో మాలీ ఒర్షాన్‌స్కీ అనే ఉద్యోగిని కుటుంబం తిండి ఖర్చును మూడుతో హెచ్చవేసి పేదరికపు గీత గీశారు. ఐరోపా దేశాలు తమ ప్రజల మధ్యస్థ ఆదాయంలో 60 శాతాన్ని హద్దుగా పెట్టుకున్నాయి. ఈ రెండు చోట్లా చూసేది ఆదాయం. పేద దేశాల్లో ఆదాయం లెక్క దొరకదు. కూలికి, రైతుకు నెల జీతం ఉండదు కదా. అందుకని మన దేశంలో వినియోగాన్ని కొలిచారు. 1971లో ఆర్థికవేత్తలు దండేకర్, రథ్ 2250 కేలరీల తిండిని ఆధారం చేసుకున్నారు. 2009లో తెందూల్కర్ కమిటీ ఆ చట్రంలోకి చదువు, వైద్యం ఖర్చులు కూడా తెచ్చింది. ప్రపంచ బ్యాంకు 1990లో రోజుకు డాలరు అనే గీత గీసింది, ధరలు సవరిస్తూ పోగా 2025 నాటికి అది మూడు డాలర్లయింది. గీత ఎత్తు మీద దశాబ్దాలుగా వాదించుకున్నాం. గీత కింద ఏం కొలుస్తున్నామన్న దాని మీద అంత పట్టుదలగా వాదించుకోలేదు.

తెందూల్కర్ పద్ధతి ప్రకారం 2011-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల గీత మనిషికి నెలకు 860 రూపాయలు. ఆ పద్ధతి లెక్కలో పేదలు పల్లె, పట్నం కలిపి నూటికి 9.2 మంది, దేశంలో 21.9. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచిక తిండి, బడి, మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా వంటి 12 అంశాలు చూస్తుంది. దాని ప్రకారం రాష్ట్రంలో పేదలు 2015-16లో 11.77 శాతం, 2019-21 నాటికి 6.06 శాతం. 2022-23 వినియోగ సర్వేలో మన పల్లెల్లో తలసరి నెల ఖర్చు 4,870 రూపాయలు, దేశ సగటు 3,773. ఇవి దొంగ లెక్కలని నేను అనను. చౌక బియ్యం, ఉపాధి హామీ, పింఛన్లు, డ్వాక్రా సంఘాలు తెచ్చిన మార్పు నిజమైనది, దాన్ని చిన్నచూపు చూస్తే పాపం. అయితే ఈ వినియోగ సర్వే చేసిన ప్రభుత్వ గణాంక సంస్థే 2019లో వ్యవసాయ కుటుంబాలను అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93.2 కుటుంబాలు అప్పులో ఉన్నాయని తేలింది. దేశంలో 50.2. సగటు బాకీ మన దగ్గర సుమారు 2 లక్షల 45 వేలు, దేశంలో 74 వేలు. నెల ఆదాయం మాత్రం ఇక్కడ 10,480, అక్కడ 10,218. సంపాదన దాదాపు ఒకటే, బాకీ మూడింతలు పైగా. దేశంలో సగటు రైతు కుటుంబం ఏడు నెలల సంపాదనంత బాకీ ఉంటే, మన కుటుంబం దాదాపు రెండేళ్ల సంపాదనంత బాకీ ఉంది.

ఈ బాకీ కొలత నుంచి ఎలా జారిపోతుందో చూడండి. చాలా ఊళ్లలో మిరప కౌలు ముందే కట్టాలి. బ్యాంకు పంట రుణం ఎక్కువగా పాసుపుస్తకం ఉన్న భూయజమాని పేరనే పుడుతుంది. 2019 సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తామంది, కానీ దానికి యజమాని సంతకం కావాలి. భూమి మీద హక్కు పోతుందన్న భయంతో చాలామంది యజమానులు ఆ సంతకం పెట్టరు. ఇక మిగిలేది నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అప్పు. లక్ష తెస్తే ఏడాదికి 24 వేలు. విత్తనం, ఎరువు, మందు అరువు మీద వస్తాయి, వాటి ధరలోనే వడ్డీ కలిసి ఉంటుంది. కాయ అమ్మాక కమీషన్ ఏజెంటు తన బాకీ మినహాయించుకొని మిగిలింది ఇస్తాడు. ఈ వ్యవహారమంతటిలో వినియోగ సర్వే చూసేది ఆ ఇంట్లో తిన్న బియ్యం, కొన్న బట్ట, కట్టిన ఫీజు మాత్రమే. కౌలు పెట్టుబడి కింద పోతుంది, వడ్డీ వినియోగం కిందికే రాదు. పైగా ఇంట్లో ఒకరికి జబ్బు చేసి, రెండు లక్షలు అప్పు తెచ్చి ఆసుపత్రిలో కడితే, ఆ ఏడాది ఆ ఇంటి వినియోగం పెరిగినట్టు నమోదవుతుంది. కుటుంబం కుంగిన సంవత్సరంలోనే గీత మీదికి ఎక్కుతుంది. బ్యాంకు ఖాతా లేకపోవడం లేమి అంటుంది నీతి ఆయోగ్ సూచిక. ఆ ఖాతా మీద కుదువ పెట్టిన బంగారం ఎంతో అది అడగదు.

కారణాల దగ్గరికి వస్తే ఈ లోపం ఇంకా బరువెక్కుతుంది. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అంతకు ముందు సంవత్సరాల్లో వాళ్లను తెల్లబంగారం పండించే ఆదర్శ రైతులని పొగిడారు, ఏ గీత ప్రకారం చూసినా వాళ్లు పేదలు కారు. 2021లో నల్లతామర పురుగు మిరప పూతను మాడ్చేసింది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిరప ధర పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించాల్సి వచ్చింది. పురుగు, ధర, కౌలు అనే మూడూ కలిసి వచ్చిన ఏడాది, నిన్నటి ఆసామి రేపటి కూలీ అవుతాడు. పేదరికం ఇక్కడ జనం స్థిరంగా ఉండే చోటు కాదు, పడిపోయే గొయ్యి. పరిశోధకుడు అనిరుధ్ కృష్ణ ఆంధ్రప్రదేశ్‌లో 36 గ్రామాలు పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, పాతికేళ్లలో 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడితే 12 శాతం కొత్తగా అందులో పడ్డాయని తేల్చారు. కెన్యా, ఉగాండా, పెరూల్లోనూ ఆయన ఈ పద్ధతితోనే వెతికారు. నికర తగ్గుదల రెండు శాతమే చూపే లెక్క, నూటికి 12 ఇళ్లు కూలిన సంగతిని మింగేస్తుంది.

బాకీని కొలతలోకి తేవాలన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. అప్పు పుట్టడమే పరపతికి గుర్తు, అప్పు దొరకనివాడే నిరుపేద అంటారు. సగం నిజం. ఆంధ్రలో బ్యాంకులు, సంఘాలు ఊరూరా ఉండటం వల్లే 93 శాతం అయిందన్నదీ ఒప్పుకుంటాను. అందుకే అప్పున్న ఇళ్లను లెక్కపెట్టడం చాలదంటున్నాను. వడ్డీ, కౌలు పోగా మిగిలిందెంత, ఆ మిగులుతో అసలు తీరడానికి ఎన్నేళ్లు పడుతుంది అన్నది చూడాలి. దేశాలను పోల్చాలంటే అందరికీ ఒకటే కర్ర కావాలి కదా అన్నది రెండో అభ్యంతరం. ఉదాహరణకు, మాలీ దేశంలో పత్తి రైతుకు ప్రభుత్వ కంపెనీ ఎరువులు అరువిచ్చి, పంట కొన్నప్పుడు పట్టుకుంటుంది. డాలరు గీత ప్రకారం అతను మన రైతుకన్నా పేద. ఆకలి విషయంలో ఆ తీర్పు సరైనదే, ఆ గీతను నేను చెరపమనడం లేదు. కానీ 2003లో మాలీ, బెనిన్, బుర్కినా ఫాసో, చాద్ ప్రపంచ వాణిజ్య సంస్థ ముందుకు వెళ్లి మొరపెట్టుకున్నది సంపన్న దేశాల సబ్సిడీలు పత్తి ధరను కుంగదీస్తున్నాయని. రైతు చేతిలో లేని ధర, అతని నెత్తిన మిగిలే బాకీ అనే కారణం అక్కడా ఇక్కడా ఒకటే. డాలరు గీత మనిద్దరినీ వేరు గదుల్లో కూర్చోబెడుతుంది, బాకీ లెక్క ఒకే చాప మీదికి తెస్తుంది. ఇక రుణమాఫీ చేసిన ఏడాది పేదరికం మాయమైనట్టు చూపిస్తారన్న భయం సహేతుకమే. మూడు పంటకాలాల సగటు తీస్తే ఆ గారడీ సాగదు.

బాకీని లెక్కకట్టడం మనకు కొత్త పని కాదు. మద్రాసు రాష్ట్రంలో 1930 నాటి బ్యాంకింగ్ విచారణ సంఘం పల్లెల బాకీని 150 కోట్ల రూపాయలని అంచనా కట్టింది, 1938లో రైతు రుణ విమోచన చట్టం వచ్చింది. నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన ఎన్.జి. రంగా గారు పల్లెల ఆర్థిక వ్యవస్థను ఊరి లోపలి నుంచే పరిశీలించారు. ఆ దారిలోనే అడుగుతున్నాను. సర్వే గణకుడు కుటుంబాన్ని జూలైలో అప్పు తెచ్చినప్పుడు ఒకసారి, ఏప్రిల్‌లో మిరప టిక్కీలు (బస్తాలు) తూకమయ్యాక ఒకసారి కలవాలి. కాయ అమ్ముడుపోక కోల్డ్ స్టోరేజీలో ఉంటే, దాని మీద తెచ్చిన అప్పును రాసుకోవాలి. కర్నూలు పడమటి పల్లెల నుంచి పిల్లాపాపలతో సుగ్గికి, అంటే కోత పనుల వలసకు వచ్చి, మన చేలల్లో కాయ కోసే కుటుంబాల సంగతి మరీ ముఖ్యం. కోతల నెలల్లో ఆదోని, కోసిగి వైపు వాళ్ల ఇళ్లకు తాళాలుంటాయి. ఇక్కడ వాళ్లు చేను గట్టు మీద పట్టా కప్పుకున్న గుడారంలో ఉంటారు, ఆ గుడారానికి ఇంటి నంబరు ఉండదు. తాళం చూసి గణకుడు పక్కింటికి వెళ్లకూడదు. ఈ ఇంటివాళ్లు ఏ ఊరి మిరప తోటలో ఉన్నారు, పిల్లలను బడి మాన్పించి తీసుకెళ్లారా, ఏ మేస్త్రీ దగ్గర ఎంత బయానా తీసుకున్నారు అని పొరుగువాళ్లను అడిగి, ఆ తోట దాకా రావాలి.