దీపస్తంభపు దీవిలో ఒక రాత్రి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



అతిథి వచ్చినప్పుడు గృహస్థు చేయవలసిన విధులను మన పురాణములు విపులముగా చెప్పినవి. గృహస్థులు పక్షులును జంతువులును, అతిథి మనుష్యుడును అయినచోట ఆ అతిథి యెట్లు మెలగవలెను? ఈ ప్రశ్నకు సమాధానము నేర్పిన చిన్న దీవి యొకటి ఆస్ట్రేలియా ఖండమునకు ఆగ్నేయ తీరమున కలదు.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో నరూమా అను రేవుపట్టణమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున సముద్రమధ్యమున ఆ దీవి యున్నది. దాని వైశాల్యము సుమారు 80 హెక్టార్లు, అనగా రమారమి 200 ఎకరములు. చిన్న గ్రామపు మాగాణి కంటె నెక్కువ కాదు. ఆంగ్లేయులు దానికి మాంటేగ్యూ అని పేరిడిరి. అంతకు బహుకాలము పూర్వమునుండి అచటి ఆదివాసులైన యూయిన్ జాతివారు దానిని బరుంగూబా యందురు. తీరమున నున్న గులాగా పర్వతము తల్లి యనియు, ఆమె పెద్దకుమారుడు సముద్రములోనికి వెడలి యీ దీవి యయ్యెననియు, చిన్నవాడైన నజనూగా తల్లి పాదములచెంతనే నిలిచి చిన్నకొండ యయ్యెననియు వారి పురాణగాథ. నేడు రెండు పేర్లును కలిపి వాడుచున్నారు.

1770లో కెప్టెన్ కుక్ ఆ తీరము వెంబడి పోవుచు దీనిని చూచెను గాని, భూభాగమునుండి ముందునకు చొచ్చిన కొమ్మగా భ్రమించెను. 1790లో 'సర్‌ప్రైజ్' అను నౌకలోనివారు ఇది దీవి యని గుర్తించిరి. పిమ్మట నావికుల రక్షణకై జేమ్స్ బార్నెట్ అను ప్రభుత్వ వాస్తుశిల్పి రచించిన నమూనాప్రకారము, దీవిలోని రాతినే తొలిచి దీపస్తంభమును కట్టిరి. 1881 నవంబరు 1వ తేదీన అందు దీపము వెలిగినది. ప్రధాన పాలకుడొకడు, సహాయకులిద్దరు తమ కుటుంబములతో అచట కాపురముండిరి. రాత్రి యెల్ల వంతులవారీగా మేల్కొని దీపమును కాపాడుట వారి కొలువు. తుపాను పట్టినచో పడవ రాదు. పడవ రానిచో వైద్యుడును రాడు. పసితనమున కన్నుమూసిన బిడ్డల సమాధులు నేటికిని ఆ దీవిపై కలవు.

ఆ దీపము ఎన్ని ప్రాణములను కాచెనో లెక్క తేలదు. అయితే ఖాతాలో జమ యొక్కటే చూచి ఖర్చు చూడకుండుట న్యాయము గాదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలోనే వేటగాండ్రు చర్మములకొరకు ఆ ప్రాంతపు సీలు జంతువులను చంపిరి. పిమ్మట దీవికి మేకలును కుందేళ్లును వచ్చి పచ్చని పొదలను మేసివేసినవి. మన్ను కొట్టుకొనిపోవుట చూచి, దానిని నిలుపుటకై కికుయు అను ఆఫ్రికా గడ్డిని నాటిరి. వారి తలంపు మంచిదే. కాని ఆ గడ్డి మందమైన చాపవలె అల్లుకొని, పెంగ్విన్ పక్షుల బొరియలను కప్పివేసెను. ఆ పీచులో కాళ్లు చిక్కుకొని పక్షులు మరణించినవి. కీడు తలపెట్టనివారి చేతులతోనే ఇంత కీడు జరిగినది.

1986లో దీపమును యంత్రమే నడుపు ఏర్పాటు జరిగి, పాలకుల అవసరము తీరెను. మనుష్యులు వెడలిరి, గడ్డి మాత్రము వెడలలేదు. అప్పుడు దీవిని ప్రకృతి సంరక్షణ ప్రదేశముగా చూచు శాఖవారు ఆ గడ్డిని దఫదఫాలుగా కాల్చియు, మందు చల్లియు తొలగించి, దేశీయములగు పొదలను నాటిరి. అవి యెదుగువరకు పక్షులు తలదాచుకొనుటకై చెక్కపెట్టెలు గూళ్లుగా అమర్చిరి. ఖాళీ పడిన పాలకుల యిండ్లను బాగుచేసి, కొద్దిమంది యాత్రికులు ఒకటిరెండు రాత్రులు బసచేయుటకు వీలు కల్పించిరి. ఆ యాత్రికులలో పలువురు ఊరక చూచి పోలేదు. కలుపు తీసిరి, మొక్కలు నాటిరి, గూళ్లను లెక్కించుటలో తోడుపడిరి.

అట్టి రాత్రి యెట్లుండునో చెప్పవలసియున్నది. నరూమా రేవుముఖమున అలలు కర్కశములు. వాతావరణము అనుకూలింపనిచో ప్రయాణము ఆగిపోవును. అనుకూలించినచో, దీవిని సమీపించునప్పుడే బండలపై పరుండిన సీళ్ల అరుపులు వినవచ్చును. వేట మానిన పిమ్మట అవి తిరిగి వచ్చినవి. పగలు గడ్డి పెరికి నడుములు నొచ్చిన యాత్రికులు సాయంకాలము స్తంభమెక్కి, నలువైపుల సముద్రమును చూతురు. వసంతర్తువునందు తిమింగిలములు దక్షిణమునకు తరలుచు కానవచ్చును.

చీకటి పడగానే అసలు గృహస్థులు ఇల్లు చేరుదురు. ఇచటి పెంగ్విన్ లోకములోని పెంగ్విన్‌లలో నెల్ల చిన్నది. జానెడున్నర ఎత్తు, సుమారు కిలో బరువు, నీలివన్నె వీపు. తల్లిదండ్రులలో ఒకటి గ్రుడ్లను పొదుగుచుండగా, రెండవది చేపలకై సముద్రమునకు పోవును. దినమంతయు వేటాడినవి శత్రువుల భయమున ఒడ్డునకు రాక, చీకటి పడువరకు నీటిలో గుంపుగా వేచి, పిదప తడబడు అడుగులతో బండలెక్కును. యాత్రికులు కదలక మెదలక కూర్చుండవలెను. ఫోటోకు మెరుపుదీపము వెలిగింపరాదు. వెలుగు కండ్లలో పడినచో ఆ పక్షి బెదరి తిరిగి నీటిలోనికి పోవును, గూటిలోని పిల్ల ఆకలితో నుండును. అంతలో షియర్‌వాటర్ పక్షులు ఆకాశమునుండి దిగి బొరియలలో విలపించునట్లు కూయును. వీనిలో ఒక జాతి యేటేట పసిఫిక్ మహాసముద్రపు ఉత్తరపు కొసవరకు పోయి, మరల ఇచటికే వచ్చును.

కొందరు, మనుష్యుడు అచటికి పోకుండుటయే మేలందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. పూర్వము పోయినవారి వలననే కదా అంత నష్టము! కాని చెరచినవాడు చేతులు దులుపుకొని వెడలినంతమాత్రమున చెడినది బాగుపడదు. కలుపు తీయుటకు చేతులు కావలెను, పాత యిండ్లు నిలుచుటకు ధనము కావలెను. యాత్రికుల రుసుమును, శ్రమయును ఆ బాకీకి చెల్లు. అయితే వారి సంఖ్య పెరిగి, పని తగ్గి, వేడుక హెచ్చినచో పాత బాకీపై కొత్త బాకీ చేరును. కాబట్టి హద్దు కావలెను. కొద్దిమందిగా పోవుట, శ్రమించుట, దీపమార్పి కూర్చుండుట, మరల వచ్చివేయుట: ఇవియే ఆ అతిథికి నాలుగు విధులు.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. కాకినాడ దాపున హోప్ ఐలాండ్ ఇసుకలో సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. పిల్లలు వెలువడి సముద్రపు వెలుగు చూచి నీటివైపు నడచును. ఒడ్డున విద్యుద్దీపము వెలిగినచో దారి తప్పి ఎండకు మాడును. నావికునికి త్రోవ చూపు దీపమే మరియొక ప్రాణికి త్రోవ తప్పించును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయ చందాదారులు ఇట్టి ధర్మమునే పాటించుచున్నారు. పుస్తకము తనది కాదు, తన తరువాత మరియొకరు చదువవలెనని యెరిగి, చిరిగిన పుటకు కాగితమంటించి గడువులోపల తిరిగి యిచ్చువాడే ఉత్తమ పాఠకుడు. భూమినిగూడ అట్లే తిరిగి యొప్పగింపవలసియున్నది. స్వస్తి.