హబీబ్ తన్వీర్ చేసిన పని, మనం చూసిన తీరు
(నాటక ప్రయోగ సదస్సులో అధ్యక్షోపన్యాసం)

 

తెలుగులో నాటకం మీద రాత తక్కువేమీ కాదు. రచయితల మీద గ్రంథాలున్నాయి. పద్యం పాడి మెప్పించిన నటుల ముచ్చట్లు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నాం. దర్శకుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఆగిపోతుంది. ‘దర్శకుడు నాటకాన్ని రక్తి కట్టించారు’ అనే ఒక్క వాక్యంతో సమీక్ష పూర్తవుతుంది. ఏం చేసి రక్తి కట్టించారు? ఈ ప్రశ్నకు జవాబు రాయనంతకాలం దర్శకుడి పని మీద మనకు విమర్శ లేనట్టే. రచన అచ్చులో నిలుస్తుంది. నటుడి గొంతు రికార్డులో నిలుస్తుంది. దర్శకుడు చేసినది, తెర దించాక, చూసినవాళ్లు రాస్తేనే నిలుస్తుంది.

ఈ మాట నిరూపించడానికి నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్‌ను ఎంచుకున్నాను. ఆయనకు పొగడ్తల కొరత లేదు. అయితే ఆ పొగడ్తల చాటునే ఆయన పని చాలావరకు మరుగునపడింది.

తన్వీర్ 1923లో రాయపూర్‌లో పుట్టారు. 1940లలో బొంబాయి చేరి, ప్రజా రంగస్థల ఉద్యమమైన ఇప్టాలో పనిచేశారు. మన ప్రజానాట్యమండలి కూడా ఆ ఉద్యమంలో భాగమే కాబట్టి ఆ దారిన ఆయన మనవాడే. 1954లో ఢిల్లీలో, జామియా మిల్లియాలో ‘ఆగ్రా బజార్’ ప్రదర్శించారు. జనం నోటి మాటల్లో కవిత్వం చెప్పిన నజీర్ అక్బరాబాదీ మీద నాటకమది. కానీ నజీర్ వేదిక మీదికి రాడు. అతని పాటలు మాత్రం వినబడుతుంటాయి. ఒకపక్క పుస్తకాల కొట్టు. అక్కడ చేరిన పండితులకు నజీర్ కవే కాడు. మరోపక్క గాలిపటాల కొట్టు. అక్కడివాళ్లకు నజీర్ ప్రాణం. నడుమ దోసకాయలు అమ్ముకునేవాడికి బేరాలు సాగవు. నజీర్ చేత తన సరుకు మీద ఒక పాట కట్టించుకున్నాకే అతని సరుకు కదులుతుంది. విమర్శకులకూ జనానికీ నడుమ ఉన్న దూరాన్ని తన్వీర్ రెండు కొట్ల మధ్య ఖాళీగా చూపించారు. నటుల్లో కొందరు జామియా విద్యార్థులు, అధ్యాపకులు. మరికొందరు పక్కనున్న ఓఖ్లా గ్రామస్థులు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరిని అసలు చూపించకూడదు అన్న నిర్ణయాలే ఆ నాటకానికి అర్థమిచ్చాయి. ఇది దర్శకుడు చేసిన రచన.

1955లో ఆయన ఇంగ్లండ్ వెళ్లి నాటక శిక్షణ పొందారు. 1956లో, జర్మన్ నాటకకర్త బ్రెఖ్ట్ కన్నుమూసిన కొద్దికాలానికే, బెర్లిన్ చేరి కొన్ని నెలలపాటు ఆయన నాటకాలు చూశారు. తిరిగివచ్చి 1958లో శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ను ‘మిట్టీ కీ గాడీ’గా చేశారు. అందుకోసం ఛత్తీస్‌గఢ్ నుంచి, నాచా అనే జానపద నాటకం ఆడే ఆరుగురు కళాకారులను ఢిల్లీకి తెచ్చారు. సంస్కృత నాటకాన్ని పల్లెటూరి ఆటగా మార్చడమేమిటని కొందరు విమర్శకులు నొచ్చుకున్నారు. తన్వీర్ చూసింది వేరు. వేదిక చుట్టూ ఒక తిరుగు తిరిగితే ఊరు మారిపోయే పద్ధతి సంస్కృత నాటకానిది, పల్లె కళాకారుడిది కూడా. మన వీధినాటకం ఎరిగినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. శాస్త్రంలో మిగిలిన ప్రయోగ పద్ధతి పల్లెలో ప్రాణంతో ఉందని ఆయన ప్రదర్శించి చూపారు.

1959లో మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ స్థాపించారు. ఆ తరువాతి సంవత్సరాలే ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోస్తాయి. ఊళ్లో రాత్రంతా జనాన్ని కట్టిపడేసే నటులు ఆయన వేదిక మీద బిగుసుకుపోతున్నారు. ఎందుకో తెలుసుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. చివరికి రెండు కారణాలు గుర్తించి, తానే బాహాటంగా చెప్పారు. ఒకటి భాష. ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాళ్ల చేత హిందుస్తానీ పలికించడంతో వాళ్ల నటనలోని జీవం పోయింది. రెండోది కదలిక. నాచా నటుడి చుట్టూ జనం కూర్చుంటారు. ఏ వైపు నుంచి స్పందన వస్తే నటుడు ఆ వైపుకు మళ్లుతాడు. అలాంటివాడిని ఈ మాటకు కుడికి రా, ఆ మాటకు ఎడమకు జరుగు అని లెక్కలో కట్టేస్తే కాళ్లతోపాటు నోరు కూడా కట్టేసినట్టే.

కారణం తెలిశాక పద్ధతి మార్చారు. నటులను వాళ్ల భాషలోనే పలకనిచ్చారు. సన్నివేశం చెప్పి వాళ్లను ఆడనిచ్చి, వచ్చినదాంట్లోంచి ఏరి, కుదించి, కూర్చారు. 1973లో రాయపూర్‌లో జరిపిన నాచా వర్క్‌షాపులో మూడు పాత నాచా హాస్య ప్రహసనాలను అల్లి ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ తయారుచేశారు. 1975 నాటికి ‘చరణ్‌దాస్ చోర్’ రూపుదిద్దుకుంది.

రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా చెప్పిన జానపద కథ దీనికి మూలం. ఒక దొంగ గురువు దగ్గర నాలుగు ప్రమాణాలు చేస్తాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యమిచ్చినా ఏలను అంటాడు. తనలాంటివాడికి ఇవన్నీ ఎక్కడ ఎదురవుతాయని అతని ధీమా. అయిదోది గురువు పెట్టినది, అబద్ధమాడకూడదని. నవ్వుకోవడానికి చేసిన ప్రమాణాలు ఒక్కొక్కటే నిజంగా ఎదురొస్తాయి. చివరికి రాణి కోపానికి దొంగ బలవుతాడు. సత్యమే దేవుడని నమ్మే సత్‌నామీల పంథీ నృత్యాన్ని, పాటలను తన్వీర్ ఈ కథలోకి తెచ్చారు. వేదిక మీద చిన్న అరుగు, ఒక చెట్టుకొమ్మ. అంతకు మించి అలంకరణ లేదు. సన్నివేశాల నడుమ పాట కథ మీద వ్యాఖ్యానం చేస్తుంది. హాయిగా నవ్వించిన మనిషిని కళ్లముందే చంపడం వల్ల, అంతదాకా నవ్విన ప్రేక్షకుడు ఆ నవ్వుకు బాధ్యత వహించాల్సివస్తుంది. బెర్లిన్‌లో చూసినదీ, ఛత్తీస్‌గఢ్‌లో విన్నదీ ఒకచోట కలిసిన ఘట్టమిది.

1982లో ఎడిన్‌బరోలో ఈ నాటకానికి ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం వచ్చింది. కీర్తి పెరిగింది, దానితో పాటు ‘జానపద నాటకం’ అన్న ముద్ర కూడా బిగిసింది. సహజత్వమనీ, మట్టివాసన అనీ మెచ్చుకున్నారు. ఆ మాటల్లో ప్రేమ ఉంది, పరిశీలన లేదు. తెల్లవార్లూ సాగే ఆటలోంచి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నిర్ణయించిన చేతిని అవి చూడనివ్వలేదు. తాను జానపద కళారూపాల వెంట పడలేదని, జానపద నటుల కోసం వెళ్లానని, రూపం వాళ్లతోపాటు వచ్చిందని తన్వీర్ ఎన్నోసార్లు వివరించారు. అయినా ముద్ర చెరగలేదు.

ఎదురు విమర్శ కూడా వచ్చింది. పల్లె నటులను వాళ్ల నేల నుంచి పెకిలించారని, పేరు దర్శకుడికి దక్కిందని అన్నారు. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఫిదాబాయి, ఠాకూర్ రామ్, లాలూ రామ్, గోవింద్ రామ్ నిర్మల్కర్ లేకుండా నయా థియేటర్ లేదు. నిర్మల్కర్‌కు పద్మశ్రీ వచ్చేసరికి 2009 అయింది. అదే ఏడాది తన్వీర్ కన్నుమూశారు. అయితే ఏ సన్నివేశంలో నటుడి పాలెంత, దర్శకుడి పాలెంత అని తేల్చాలంటే రిహార్సల్స్‌లో ఏం జరిగిందో తెలియాలి. ఆ ఆధారం లేనప్పుడు పొగడ్త ఊహే, ఆరోపణా ఊహే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ‘మాభూమి’ నాటకం అనగానే రచయితలు సుంకర, వాసిరెడ్డి గుర్తొస్తారు. ఆ ప్రదర్శనలో ఏ సన్నివేశాన్ని ఎలా నడిపారో మన విద్యార్థి ఎక్కడ చదువుకోవాలి? బ్రెఖ్ట్ ‘సెజువాన్ మంచి మనిషి’ని తన్వీర్ ‘షాజాపూర్ కీ శాంతిబాయి’గా చేశారు. అదే నాటకాన్ని దర్శకుడు బి.వి.కారంత్ మన సురభి కళాకారులతో ‘బస్తీ దేవత యాదమ్మ’గా చేయించారు. ఒకరు నాచా నటులతో, మరొకరు కుటుంబాలుగా నాటకమే బతుకైన సురభివారితో! ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూడడం పరిశోధకుడికి గొప్ప అవకాశం. సురభి పెద్దల జ్ఞాపకాలను ఈ దృష్టితో వెంటనే సేకరించాలి. ఆలస్యమైతే అడగడానికి మనుషులు మిగలరు.

సమీక్షకులను వేడుకుంటున్నాను. తీర్పు చెప్పే ముందు చూసింది రాయండి. పాత్ర ఏ వైపు నుంచి వచ్చింది, వెలుగు ఎప్పుడు తగ్గింది, ఎక్కడ మౌనం పాటించారు, పాట ఏ మాట మీద ఎత్తుకున్నారు, ఇవి రాయండి. పరిషత్తు న్యాయనిర్ణేతలు ఉత్తమ దర్శకుడిని ప్రకటించినప్పుడు, ఆ బహుమతి ఏ నిర్ణయానికి ఇచ్చారో ఒక పేజీ రాసి జతచేయాలి. దర్శకులు తమ రిహార్సల్ ప్రతులను, మార్పులూ కొట్టివేతలతో సహా, భద్రపరచాలి. విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలు వాటిని గ్రంథాలయంలో చేర్చాలి. వీటికి పెద్ద నిధులు అక్కర్లేదు. దర్శకత్వం కూడా ఒక రచనేనన్న నమ్మకం చాలు.

ఈ సదస్సులో పత్రం సమర్పించే ప్రతి ఒక్కరూ తాము చూసిన ఒక ప్రదర్శనలోని ఒక్క సన్నివేశాన్నయినా పూర్తిగా వర్ణించాలని అధ్యక్షుడిగా కోరుతున్నాను. ఆ వర్ణనలన్నీ ఒకచోట చేరిస్తే తెలుగులో దర్శకుడి పనికి తొలి ఆధార గ్రంథం ఇక్కడే మొదలవుతుంది. ఆ పనికి శ్రీకారం చుట్టమని ఆహ్వానిస్తూ సెలవు తీసుకుంటున్నాను.