కుజగ్రహముపై గుఱి తప్పక దిగుట



కుజగ్రహము మన కన్నులకు ఎఱ్ఱని చుక్కగా మాత్రమే కనబడును. అచ్చటికి పంపిన యంత్రము నిర్ణీతమైన చోటనే దిగవలెనన్న, పరుగిడు బండిపై నిలిచి, వేఱొక బండిలోని కుండను రాతితో కొట్టవలసినట్లుండును. భూమియు తిరుగుచున్నది, కుజుడును తిరుగుచున్నాడు. కావున కుజుడున్న చోటికి గాక, నెలల పిమ్మట అతడు చేరబోవు చోటికి నౌకను విడువవలెను.

2020 జూలై 30న అమెరికావారు ప్రయోగించిన పెర్సెవరెన్స్ అను యంత్రశకటము దాదాపు 47 కోట్ల కిలోమీటర్లు పయనించి, 2021 ఫిబ్రవరి 18న జెజెరో అను పల్లమున దిగినది. ఇంత దూరమున దారి యెఱుగుట యెట్లు? కాలిఫోర్నియాలోను, స్పెయిను దేశమున మాడ్రిడ్ వద్దను, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా చెంతను పళ్ళెముల వంటి గొప్ప ఆంటెనాలు గలవు. భూమి ఎటు తిరిగినను వానిలో ఏదో యొకటి నౌకకు ఎదురుగా నుండును. రేడియో సంకేతము పోయి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరమును గణింతురు. దూరమగు రైలు కూత బొంగురుపోవునట్లే సంకేతమునందును మార్పు గలుగును. దానిని బట్టి వేగము తెలియును. నౌక ప్రక్కకు ఎంత ఒరిగెనో తెలియుటకు మాత్రము రెండు దేశముల ఆంటెనాలు ఒకేసారి వినవలెను. అతిదూరమున నుండు క్వేసార్లు అను జ్యోతిస్సులే అచ్చట మైలురాళ్ళు. తప్పు కనబడినచో చిన్న రాకెట్లను కొంచెముసేపు పనిచేయించి దారి సరిదిద్దుదురు.

ఈ లెక్కలో పొరపాటునకు మూల్యమెంతయో 1999 సెప్టెంబరు 23న తెలిసినది. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక కుజుని సమీపమున 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసియుండగా, సుమారు 57 కిలోమీటర్లకు దిగజాఱి నశించినది. చిన్న రాకెట్ల త్రోపును ఒక జట్టువారు పౌండ్ల లెక్కన వ్రాసి పంపగా, రెండవ జట్టువారు అది న్యూటనుల లెక్కయని తలచిరి. దాదాపు నాలుగున్నర రెట్లు భేదము! మానికయు కుంచమును ఒకటే యనుకొని ధాన్యము కొలిచినట్లయినది.

చివరి ఘట్టము మఱింత కఠినము. గంటకు సుమారు 19,500 కిలోమీటర్ల వేగముతో కుజుని గాలిలో జొచ్చిన పెర్సెవరెన్స్ ఏడు నిమిషములలో నేలపై నిలువవలెను. సంకేతము భూమిని చేరుటకో, ఆ దినమున పదకొండు నిమిషములకు పైగా పట్టెను. గాలిలో జొచ్చెనను వార్త అందునప్పటికే అది దిగియో, పగిలియో యుండును. భూమిపైనుండి చేయగలది ఏమియు లేదు. అందుచే యంత్రమునకే చూపు నిచ్చిరి. పారాచూట్‌పై దిగుచు అది నేలను ఛాయాచిత్రములు తీసి, ముందే యిచ్చిన పటముతో పోల్చి, ప్రమాదము లేని చోటును తానే యెన్నుకొనెను. 1976లో వైకింగ్ నౌకకు 280 కిలోమీటర్ల పొడవు, 100 కిలోమీటర్ల వెడల్పు గల ప్రదేశమున ఎచ్చట దిగినను చాలుననుకొనిరి. దీనికి 7.7 కిలోమీటర్ల పొడవు, 6.6 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే.

తుదకు రాకెట్ల బలముతో పైన నిలిచిన వాహనము, బావిలోనికి చేద విడిచినట్లు, శకటమును త్రాళ్ళతో నేలపైకి దింపినది. నేల తాకెనను మాటను కాలిఫోర్నియాలోని గదిలో ప్రకటించినది బెంగుళూరున జన్మించిన స్వాతి మోహన్.