కోర్టు మెట్లెక్కి అడిగినవాళ్లు



అమెరికా ఫెడరల్ పన్ను చట్టం నా వృత్తి. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. ఈ రోజు న్యాయశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు ఎల్‌ఎల్‌ఎం చదవడానికి అక్కడికి వెళతారు. వెళ్లనివాళ్లకు కూడా డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో అక్కయ్యా బావగారూ వాట్సాప్‌లో పంపే నోటీసులు తప్పవు. అయినా ఈ విషయాన్ని ఎంచుకున్నది అందుకోసం కాదు. ప్రభుత్వం పన్ను కట్టమన్నప్పుడు పౌరుడు రాజ్యాంగం చూపించి ఎదురు అడగవచ్చా, అడిగితే ఏ దారిన అడగాలి అన్నది ఏ దేశపు న్యాయవాదికైనా ఎదురయ్యే ప్రశ్న. మన దగ్గర 265వ అధికరణ, చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని ఒక్క వాక్యంలో కట్టడి చేసింది. అమెరికాలో కట్టడులన్నీ ఒకచోట లేవు. వాటిని కోర్టులు రెండు వందల ఏళ్లకు పైగా ఒక్కో కేసులో కొంచెం కొంచెంగా తేలుస్తూ వచ్చాయి. ఆ కేసుల వెనక మనుషులున్నారు. వాళ్ల గురించి చెబుతాను.

1794లో పన్నుల మీద రెండు రకాల ఎదురు తిరగడాలు జరిగాయి. ఒకటి తుపాకులతో, రెండోది కాగితాలతో.

పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు పండిన ధాన్యంతో విస్కీ కాచి అమ్ముకునేవాళ్లు. కొండలు దాటించి ధాన్యం మోసుకెళ్లడం కన్నా విస్కీ పీపాలు మోసుకెళ్లడం తేలిక. 1791లో దాని మీద ఫెడరల్ పన్ను పడింది. పెద్ద బట్టీలవాళ్లకు గాలనుకు తక్కువ, చిన్న రైతుకు ఎక్కువ పడేలా ఉండేది ఆ లెక్క. కట్టనివాడి మీద కేసు పడితే ఎక్కడో తూర్పున ఉన్న ఫిలడెల్ఫియా కోర్టుకు హాజరు కావాలి. అంటే వారాల తరబడి ప్రయాణం, ఇంటి దగ్గర పొలం గాలికి. 1794 జూన్‌లో దగ్గరి కోర్టుల్లోనే విచారణ జరిగేలా చట్టం మార్చారు. కానీ రైతుల చేతికి వచ్చినవి పాత పద్ధతిలో ఫిలడెల్ఫియాకు రమ్మన్న సమన్లే. జూలైలో జనం పన్నుల ఇన్‌స్పెక్టర్ జాన్ నెవిల్ ఇల్లు తగలబెట్టారు. ప్రెసిడెంట్ వాషింగ్టన్ సుమారు 13,000 మంది సైన్యాన్ని దింపాడు. తిరుగుబాటు చెదిరిపోయింది. రైతులు అడిగిన ప్రశ్నలకు జవాబు మాత్రం రాలేదు.

అదే ఏడాది గుర్రపు బగ్గీల మీద కూడా పన్ను వేశారు. ప్రత్యక్ష పన్ను ఏదైనా రాష్ట్రాల జనాభా దామాషాలో పంచాలని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. బగ్గీల పన్ను ప్రత్యక్షమైనదా? వర్జీనియాకు చెందిన డేనియల్ హిల్టన్ కట్టనన్నాడు. అయితే సుప్రీంకోర్టు దాకా వెళ్లాలంటే వివాదం విలువ 2,000 డాలర్లకు చేరాలి. అందుకని రెండు పక్షాలూ కూర్చుని, హిల్టన్‌కు సొంత వాడకానికి 125 బగ్గీలు ఉన్నాయని రాసుకున్నాయి. ఓడిపోతే 16 డాలర్లు కడితే చాలని ప్రభుత్వం ఒప్పుకుంది. సర్కారు పక్షాన వాదించినవాడు అలెగ్జాండర్ హామిల్టన్. 1796లో హిల్టన్ ఓడిపోయాడు. కాంగ్రెస్ చేసిన ఒక చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందా లేదా అని సుప్రీంకోర్టు పరీక్షించిన మొదటి కేసు అదే. ప్రశ్న కోర్టుకు చేరాలని ప్రభుత్వం కూడా కలిసి దారి వేసింది చూడండి. అది నాకు ఎంతో గౌరవం కలిగించే సంగతి.

విస్కీ రైతుల కోపాన్ని నేను కొట్టిపారేయను. కోర్టు అందనంత దూరంలో ఉన్నప్పుడు మనిషి చేతికి ఏది అందితే అదే పడతాడు. ఆ దూరం తగ్గించడమే మన వృత్తికి అర్థమని నా నమ్మకం.

1894లో కాంగ్రెస్ ఏడాదికి 4,000 డాలర్లు దాటిన ఆదాయం మీద రెండు శాతం పన్ను వేసింది. దేశంలో ఆ మొత్తం దాటినవాళ్లు చాలా కొద్దిమంది. పన్ను వసూలును ఆపమని కోర్టును అడగకూడదని 1867 నాటి చట్టం ఉంది కాబట్టి, పొలాక్ అనే వాటాదారు తన ట్రస్టు కంపెనీ మీదే దావా వేశాడు, ఈ పన్ను కట్టవద్దని. 1895లో ఐదుగురు నలుగురి తేడాతో చట్టాన్ని కొట్టేశారు. ఆస్తి నుంచి వచ్చే రాబడి మీద పన్ను, ఆస్తి మీద పన్నులాంటిదే కాబట్టి జనాభా లెక్కన పంచాలన్నారు. అది తప్పుడు తీర్పని నా గట్టి అభిప్రాయం. న్యాయమూర్తి హార్లన్ ఆనాడే భిన్నాభిప్రాయ తీర్పులో ఆవేదనగా రాశాడు. దాన్ని సరిదిద్దడానికి దేశం పద్దెనిమిదేళ్లు తీసుకుంది. ఆదాయపు పన్నును జనాభా లెక్కన పంచనక్కర్లేదంటూ 1909లో కాంగ్రెస్ ప్రతిపాదించిన 16వ సవరణ 1913లో ఆమోదం పొందింది. 1916లో బ్రషేబర్ కేసులో చీఫ్ జస్టిస్ వైట్ ఆ సవరణ కింద వేసిన ఆదాయపు పన్నును నిలబెట్టారు. ఆదాయపు పన్ను వేసే అధికారం ఉందా లేదా అన్న వాదన అక్కడితో ముగిసింది.

ముగిసిన వాదనను కొందరు ఇప్పటికీ అమ్ముతున్నారు. జీతం ఆదాయం కాదని, సవరణ సరిగా ఆమోదం పొందలేదని, రిటర్న్ దాఖలు చేయడం స్వచ్ఛందమని పుస్తకాలు, సెమినార్లు. వాళ్ల మాట నమ్మి మునిగిపోయినవాళ్లలో ఒకరి కేసు మీరు తప్పకుండా చదవాలి. చీక్ అనే విమాన పైలట్ ఇలాంటి బృందాల సభలకు వెళ్లి, వాళ్ల న్యాయవాదుల మాటలు విని, 1980 నుంచి రిటర్న్‌లు వేయడం మానేశాడు. క్రిమినల్ కేసు పడింది. 1991లో సుప్రీంకోర్టు చాలా సూక్ష్మంగా ఆలోచించింది. చట్టం తనకు వర్తించదని ఒకడు నిజాయితీగా నమ్మితే, ఆ నమ్మకం ఎంత వింతదైనా సరే, అతను తెలిసి తెలిసి నేరం చేశాడా లేదా అన్నది జ్యూరీ చూడాలి. కానీ చట్టం రాజ్యాంగ విరుద్ధమని నమ్మడం వేరే సంగతి. అలా అనేవాడికి చట్టం ఏం చెబుతోందో తెలుసు. అతని ముందు దారులున్నాయి: కట్టి రిఫండ్ అడగవచ్చు, లేదా కట్టకుండానే టాక్స్ కోర్టుకు వెళ్లవచ్చు. వాటిని వదిలి ఇంట్లో కూర్చుని తీర్పు రాసుకున్నవాడికి ఆ నమ్మకం రక్షణ కాదు. పైలట్‌కు మళ్లీ విచారణ దొరికింది. మళ్లీ శిక్ష పడింది.

నాకు ఆ మనిషి మీద కన్నా అతనికి ఆ మాటలు చెప్పినవాళ్ల మీద కోపం ఎక్కువ. పసలేని వాదనలతో రిటర్న్ వేస్తే 5,000 డాలర్ల జరిమానా, టాక్స్ కోర్టులో వాటినే పట్టుకు వేలాడితే 25,000 దాకా. ఆ జరిమానా కట్టేది కక్షిదారు. సెమినార్ నడిపినవాడు ఫీజు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోతాడు. మీ ఎదురుగా కూర్చుని ఆశగా చూసే మనిషికి నచ్చే మాట చెప్పాలని మీకూ అనిపిస్తుంది. ఆ క్షణంలో నిజం చెప్పలేకపోతే ఈ నల్లకోటు వేసుకోవద్దు.

అలాగని రాజ్యాంగం పన్ను శాఖకు ఎదురు చెప్పదనుకోకండి. పన్ను వేసే అధికారం దగ్గర కోర్టులు ఎక్కువగా ప్రభుత్వం వైపు ఉన్నాయి, వసూలు చేసే తీరు దగ్గర మాత్రం కాదు. పౌరుడికి దక్కిన రక్షణల్లో మంచివి ఇక్కడివే. అయితే ఆ రక్షణలు తెచ్చిపెట్టినవాళ్లు ఎవరో చూడండి.

జూదం మీద ఫెడరల్ పన్ను ఉంది. పందేలు కట్టించుకునేవాడు పేరు నమోదు చేసుకోవాలి, ఆ జాబితాను అప్పట్లో రాష్ట్రాల ప్రాసిక్యూటర్లు అడిగితే పన్ను శాఖ ఇవ్వాల్సి ఉండేది. ఆనాడు దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ ఆ జూదం నేరమే. అంటే పన్ను కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. 1968లో మార్కెట్టీ కేసులో సుప్రీంకోర్టు, తన మీద తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న ఐదో సవరణ హక్కును అడ్డుపెట్టుకున్నవాణ్ని నమోదు చేసుకోలేదని శిక్షించకూడదంది. అంతకు ముందు 1927లో దొంగసారా అమ్మేవాడు అసలు రిటర్నే వేయనంటే అదే కోర్టు ఒప్పుకోలేదు. అతని రిటర్న్ అందరూ వేసేదే. మార్కెట్టీ ముందు పెట్టిన ఫారం మాత్రం నేరస్థుల కోసమే తయారైంది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవండి. హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

మరో కేసు 1977 నాటిది, జి.ఎం. లీజింగ్ అనే కంపెనీది. దాని వెనక ఉన్నవాడు శిక్ష తప్పించుకుని పరారైన మనిషి. పన్ను బకాయి కింద ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్ అధికారులు ఖరీదైన కార్లు వీధుల్లోంచి జప్తు చేశారు, తర్వాత వారంట్ లేకుండా కంపెనీ ఆఫీసులోకి చొరబడి కాగితాలు పట్టుకెళ్లారు. కార్ల జప్తు తప్పు కాదన్నారు న్యాయమూర్తులు, అవి నలుగురూ తిరిగే చోట ఉన్నాయి కాబట్టి. తలుపు తీసి లోపలికి వెళ్లడానికి మాత్రం వారంట్ కావాల్సిందే అని ఏకగ్రీవంగా చెప్పారు. బకాయి నిజమైనా సరే, నాలుగో సవరణ ఆ గుమ్మం దగ్గర కాపలా ఉంది. ఇవాళ ఒక తెలుగు కుటుంబం అమెరికాలో చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటుంటే, దాని వెనకగదిలోకి పన్ను అధికారి ఊరికే అడుగుపెట్టలేకపోవడానికి కారణం, ఎవరూ మెచ్చని ఒక పరారీ మనిషి తరఫున వకాల్తా పుచ్చుకున్న న్యాయవాదులు. మీ దగ్గరికి మంచివాళ్లే రావాలని కోరుకోకండి.

ఇక కట్టి అడిగినవాళ్లు. న్యూయార్క్‌లో ఎడిత్ విండ్సర్ అనే పెద్దావిడ, తన జీవిత భాగస్వామి థియా స్పైయర్ 2009లో చనిపోతే, 3,63,053 డాలర్ల ఎస్టేట్ పన్ను కట్టాల్సి వచ్చింది. థియా పురుషుడై ఉంటే ఒక్క డాలరూ పడేది కాదు. ఆవిడ కట్టింది, రిఫండ్ అడిగింది, కాదంటే కోర్టుకెళ్లింది. 2013లో ఆ చిన్న రిఫండ్ దావా స్వలింగ వివాహాలను గుర్తించని ఫెడరల్ నిబంధననే కూల్చేసింది. సమానత్వం గురించిన అంత పెద్ద తీర్పు ఒక పన్ను రసీదు నుంచి పుట్టింది.

ఓడినవాళ్లనూ తలుచుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన మూర్ దంపతులు బెంగళూరులోని కిసాన్‌క్రాఫ్ట్ కంపెనీలో 40,000 డాలర్లు పెట్టారు. చిన్న రైతులకు పనిముట్లు అమ్మే కంపెనీ అది. లాభాలన్నీ వ్యాపారంలోనే తిరిగి పెట్టింది, వీళ్లకు పైసా పంచలేదు. 2017 చట్టం ఆ పంచని లాభాల మీద కూడా పన్ను వేసింది. 14,729 డాలర్లు కట్టి, చేతికి రాని డబ్బు ఆదాయం ఎలా అవుతుందని అడిగారు. 2024 జూన్‌లో మూర్ కేసులో ఏడుగురు ఇద్దరి తేడాతో ఓడిపోయారు. కంపెనీకి వచ్చిన ఆదాయాన్ని వాటాదారుల లెక్కలో వేయడం కాంగ్రెస్ ఎప్పటినుంచో చేస్తున్నదేనని జస్టిస్ కవనా రాశారు. కానీ ఎవరి చేతికీ అసలు రాని పెరుగుదల మీద, అంటే ధర పెరిగి అమ్మకుండా ఉంచుకున్న ఆస్తి మీద, పన్ను వేయవచ్చా అన్నది కోర్టు తేల్చలేదు. ఆ ప్రశ్న వేయాలంటే ఇకమీదట ఎవరైనా మూర్ తీర్పు నుంచే మొదలుపెట్టాలి.

కట్టి అడగమనడం డబ్బున్నవాడికి తేలిక. 1960 నాటి ఫ్లోరా తీర్పు ప్రకారం జిల్లా కోర్టులో రిఫండ్ దావా వేయాలంటే బకాయి మొత్తం ముందే కట్టాలి. అది పేదవాడికి అన్యాయమని నేను అనుకుంటాను. మారాలని కోరుకుంటాను. అది మారేదాకా అతనికి మిగిలింది టాక్స్ కోర్టు. కట్టకుండానే అక్కడ అడగవచ్చు. అయితే బకాయి నోటీసు వెలువడిన 90 రోజుల్లోపు పిటిషన్ వేయాలి. నోటీసు అమెరికా బయట ఉన్న మనిషి పేరున వస్తే 150 రోజులు. హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చి స్థిరపడినవాళ్లకు ఈ రెండో లెక్క వర్తిస్తుందని చాలామందికి తెలియదు. తెరవని కవరు అలమారలో పడి ఉండి, గడువు దాటాక ఏడుస్తూ వచ్చినవాళ్లను నేను చూశాను. రాజ్యాంగం గురించి ఎంత గొప్ప వాదన ఉన్నా గడువు దాటాక దాన్ని వినిపించడం చాలా కష్టం.

కాబట్టి మీ దగ్గరికి అలాంటి కవరు వస్తే ముందు దాని మీద తేదీ చూడండి, రోజులు లెక్కపెట్టండి. 16వ సవరణ గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ మనిషి కట్టలేకపోతే కట్టలేనని రాయించండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో కాగితం మీద పెట్టించండి. గెలవని వాదన అయితే గెలవదని ఆ రోజే చెప్పండి, ఫీజు తీసుకోక ముందే.